చూడ్డానికి బాగానే ఉన్నారు కదా!

(అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా సిబ్బంది కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దివ్యాంగులు అనగానే మనకు చక్రాల కుర్చీయో, తెల్ల కర్రో గుర్తొస్తుంది. బ్రాంచీల గుమ్మాల దగ్గర ర్యాంపులు కట్టించింది వారికోసమే, మంచి పని. ఈరోజు నేను మాట్లాడేది ఆ ర్యాంపుతో పని తీరనివాళ్ళ గురించి. 1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం వాటిని 21 చేసింది. కొత్తగా చేరినవాటిలో చాలావరకు పైకి కనిపించనివే. ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్.

చివరగా చెప్పిన జబ్బు నాకుంది. ఇక్కడ చాలామందికి ఇది కొత్త సంగతి. ఆరేళ్ళయింది. మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో ఉన్న నరాల పైపొరను దెబ్బతీస్తుంది. కరెంటు తీగ మీద తొడుగు ఊడిపోయినట్టు అనుకోండి. ఒక్కొక్కరిలో ఒక్కోలా బయటపడుతుంది. నాకైతే ఒక కాలు తిమ్మిరి, మధ్యాహ్నానికి ముంచుకొచ్చే అలసట. పడుకుని లేస్తే తీరే అలసట కాదది. వేడి తగిలితే ఇంకా ఎక్కువవుతుంది. మే నెలలో ఏసీ పాడైన బ్రాంచిలో పని ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

పొద్దున పదింటికి నేను చలాకీగానే ఉంటాను. నాలుగింటికి కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాలి. ఒక సహోద్యోగి అందరి ముందూ అన్న మాట: "పొద్దున బాగానే ఉన్నారు కదా మేడమ్, ఇన్‌స్పెక్షన్ అనేసరికి కాలు నొప్పా?" జబ్బు కంటే ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. కట్టు కట్టిన చేతికి సానుభూతి అడక్కుండానే దొరుకుతుంది. నాలాంటివాళ్ళు రోజూ రుజువులు చూపించుకోవాలి.

తర్వాత వచ్చిన మేనేజరు గారికి విషయం చెప్పాను. ఆయన ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. ఫీల్డు విజిట్లు పొద్దుటి పూటకు మార్చారు, నా సీటు కిటికీ ఎండ నుంచి లోపలికి జరిపించారు. బ్యాంకుకైన ఖర్చల్లా ఒక టేబుల్ ఫ్యాను. ఆ ఏడాది నా రికవరీ టార్గెట్ పూర్తయింది. (ఎంబీఏలో రెండేళ్ళు మానవ వనరుల గురించి చదివాను. ఈ ఫ్యాను సంగతి ఏ పుస్తకంలోనూ తగల్లేదు.)

చట్టం దీన్నే సహేతుకమైన సర్దుబాటు అంటుంది. అది నిరాకరిస్తే వివక్ష కిందికే వస్తుంది. 40 శాతం సర్టిఫికెట్ లేకపోతే ఏ హక్కూ లేదని చాలామంది అనుకుంటారు. రిజర్వేషన్ లాంటివాటికి ఆ 40 కావాలి, నిజమే. వివక్ష నుంచి రక్షణకు మాత్రం ఆ గీత లేదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే, ప్రభుత్వ సంస్థలు ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. చెబితే ప్రమోషన్ పోతుందని దాచుకుంటున్నవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇక కౌంటరు దగ్గరికొద్దాం. పార్కిన్సన్స్ ఉన్నవారికి చెయ్యి వణకడమే కాదు, రాత కూడా క్రమంగా చిన్నదైపోతుంది. ముప్ఫై ఏళ్ళ నాటి స్పెసిమెన్‌తో ఆ సంతకం ఎలా కలుస్తుంది? మనం "సంతకంలో తేడా" అని చెక్కు వెనక్కి పంపుతాం. ఆ పెద్దాయన మందుల డబ్బు ఆగిపోతుంది. చెక్కు తిప్పి పంపే ముందు ఒక ఫోన్ చెయ్యండి, కొత్త స్పెసిమెన్ తీసుకోండి. సంతకమే చెయ్యలేని ఖాతాదారుల వేలిముద్రను ఇద్దరు సాక్షులతో, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయ్యేలా, తీసుకునే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. అద్దం వెనక నుంచి మనం చెప్పింది వినపడని వారికి గొంతు పెంచి అరిచే బదులు కాగితం మీద రాసి చూపిస్తే చాలు.

ఇంట్లో వాళ్ళతో ఒక మాట. తెలివైన పిల్లవాడు అక్షరాలు తిరగేసి రాస్తుంటే, లెక్కల్లో అంకెలు తారుమారు చేస్తుంటే మూడో ట్యూషన్ పెట్టే ముందు ఒకసారి పరీక్ష చేయించండి. అభ్యసన వైకల్యమని తేలితే, అర్హతను బట్టి రాతపరీక్షల్లో లేఖకుడి సాయం అడగొచ్చు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఉంటుంది. ఆడపిల్ల విషయమైతే "కార్డు తీసుకుంటే రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, మా అమ్మకూ ఉండేది. కానీ కార్డు లేనంత మాత్రాన జబ్బు లేకుండా పోదు. పరీక్ష హాల్లో ఆ పిల్లకు రావలసిన సమయం మాత్రం పోతుంది.

యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చెయ్యాలి. ఆధార్, ఫొటో, డాక్టరు కాగితాలు దగ్గర పెట్టుకోండి. తర్వాత వైద్యుల పరీక్ష ఉంటుంది. భోజనాలయ్యాక లిఫ్టు పక్క టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్‌తో కూర్చుంటాను. దరఖాస్తు నింపాలనుకునేవాళ్ళు రండి. నలుగురిలో మాట్లాడ్డం ఇబ్బందైతే ఫోన్ చెయ్యండి. పొద్దుటి పూటయితే మరీ మంచిది.