కలి: ఒక జూదపుమాట చరిత్ర



కాలువకు నీరు ఆలస్యమైనను, కోతకు వచ్చిన వరి తుఫానుపాలైనను “అంతయు కలి మహిమ” యనుకొనుట కృష్ణా మండలమున పరిపాటి. ఈ కలి యెవడు? పుస్తకములను వెదకినచో ఈ మాటకు జూదముతో గల చుట్టరికము తెల్లమగును.

వేదకాలపు పాచికలు చుక్కలు గల దంతపు ముక్కలు కావు, తానికాయలు. కరక్కాయ, ఉసిరికాయలతో చేర్చి త్రిఫలచూర్ణమునకు దంచు తానికాయలే యవి. సంస్కృతమున వానికి విభీతకములనియు, అక్షములనియు పేర్లు. కాయలను రాశిగా పోసి, నాలుగేసి చొప్పున తీసివేయుచు లెక్కించెడివారని పండితులు చెప్పుదురు. శేషము లేకున్న కృతము, మూడు మిగిలిన త్రేత, రెండు మిగిలిన ద్వాపరము, ఒక్కటి మిగిలిన కలి. కృతము గెలుపు, కలి ఓటమి. 20 కాయలు వచ్చిన కృతము, 21 వచ్చిన కలి. ఒక్క కాయ హెచ్చినందున గెలుపు ఓటమి యగుచున్నది!

ఋగ్వేదము పదవ మండలములోని 34వ సూక్తమున ఒక జూదరి తన దుర్దశను చెప్పుకొనును. అనుకూలవతియైన భార్యను దూరము చేసిన పాచికను అతడు “ఏకపరము” అనును. ఒకటి హెచ్చినది యని దాని భావము. తల్లి దుఃఖించుచున్నది, అప్పులవాండ్ర భయమున అతడు రాత్రివేళ పరుల యిండ్లకు పోవుచున్నాడు. పాణిని సయితము తన వ్యాకరణమున “ఏకపరి” వంటి మాటలకు సూత్రము చేసెను. అవి ఆటలో ఓటమిని తెలుపునవి.

నాలుగు యుగములకును ఈ పందెముల పేర్లే కలవు. కలియుగమునకు 4,32,000 సంవత్సరములు. ద్వాపరము దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతము నాలుగింతలు. కాయల లెక్కయే కాలపు లెక్కయందును కానవచ్చుచున్నది.

పాండవులు జూదమున రాజ్యము పోగొట్టుకొన్న పిదప అర్జునుడు తపస్సునకు ఇంద్రకీలమునకు పోయెను. ఆ కొండ బెజవాడ కొండయే యని స్థలపురాణము. తమ్ముడు దూరమై చింతించుచున్న ధర్మరాజునకు బృహదశ్వుడు నలుని కథ చెప్పెను. నన్నయభట్టారకుడు దానిని అరణ్యపర్వమున తెనిగించెను. కలి ఆవేశించిన నలుడు పౌరులు వాకిట నిలిచినను, దమయంతి వేడుకొన్నను ఆట మానలేదు. ఆ కలి యెట్లు వదలెను? ఋతుపర్ణుడు తానిచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పెను. నలుడు ఎంచి చూడగా లెక్క సరిపోయెను. అంతట ఋతుపర్ణుడు అక్షహృదయమను విద్య నొసగెను. ఆ విద్య అబ్బినంతనే కలి నలుని దేహము వీడి ఆ తానిచెట్టున చేరెను. అమరకోశమున ఆ చెట్టునకు కలిద్రుమమను పేరు గలదు.

ఇందు గ్రహింపవలసిన దేమనగా, మన పూర్వులు కలిని లెక్కకు అందని శక్తిగా తలపలేదు. ఆ పేరు నాలుగింట భాగింపగా మిగిలిన ఒక్కటికి కూడ పేరు. తుఫాను మనిషి చేతిలోనిది కాదు. కాని సంక్రాంతి కోడిపందెములలోను, పేకాటలోను పోయిన పొలము కలి తిన్నది కాదు. “ఈ ఒక్క పందెముతో పోయినదంతయు తిరిగివచ్చు” నని కూర్చున్నవాడు లెక్క చూచుకొనక ఆలుబిడ్డల నోటికూడు ఒడ్డుచున్నాడు. ఇంట వారించువారు లేక కాదు, దమయంతి మాట నాడును ఎవరు వినిరి?

ఆ ఋగ్వేద సూక్తము తుదను జూదరికి కలిగిన ఉపదేశము వ్యవసాయప్రధానమైన యీ ప్రాంతమునకు మిక్కిలి తగినది: పాచికలు విడువుము, పొలము దున్నుము, ఉన్నదానితో తృప్తి నొందుము, నీ గోవులును నీ భార్యయు అక్కడనే యున్నారు.

చందాదారులు అరణ్యపర్వమును ఇంటికి గొనిపోయి, నలోపాఖ్యానమును పదిమంది వినునట్లు చదువుదురు గాక. పందెము పిలుపు వచ్చు సంక్రాంతికి ముందే ఆ చదువు పూర్తియగుట మేలు.

స్వస్తి.