అరగంట కాపలా
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

నిత్యజీవితంలో మనస్తత్వశాస్త్రం ఎలా పనికొస్తుందో చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. అంత పెద్ద విషయం పది నిమిషాల్లో చెప్పడం నాకు చేతకాదు. ఒక్క పరిశోధన గురించి చెబుతాను. దానికి ముందు నా తప్పొకటి మీ అందరి ముందూ ఒప్పుకోవాలి.

1980ల్లో నేను వైమానిక దళంలో సార్జెంటుని. ఒక రాడార్ యూనిట్లో రాత్రి షిఫ్టు చూసేవాణ్ణి. ఒకరోజు ఒకతనికి జ్వరం వచ్చి మనుషులు తక్కువయ్యారు. మన తెలుగు కుర్రాణ్ణి రెండు గంటలు ఏకబిగిన తెర ముందు కూర్చోబెట్టాను. మనవాడు కదా, కాదనడని ధీమా. రెండో గంటలో మన విమానమే ఒకటి తెరమీదకొచ్చింది. అతను చెప్పలేదు. "నిద్రపోయావా?" అని గద్దించాను. "లేదు సార్, కళ్ళు తెరుచుకునే ఉన్నాను. చుక్క కనపడలేదు" అన్నాడు. నమ్మలేదు. నిర్లక్ష్యం అని రాసిచ్చాను. అతని సెలవు రద్దయింది. చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేకపోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత, కొత్తవాళ్ళకి పాఠం చెప్పడానికి చదువుకుంటుంటే నార్మన్ మాక్‌వర్త్ పేరు తగిలింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ గస్తీ విమానాల్లో రాడార్‌తో జలాంతర్గాముల్ని వెతికేవారు. మనిషి ఎంతసేపు తెర చూడగలడన్నది అప్పటి ప్రశ్న. కేంబ్రిడ్జిలో మాక్‌వర్త్ ఒక గడియారం తయారుచేశాడు. దానికి అంకెలు లేవు, గీతలు లేవు, ఒక్క ముల్లు. సెకనుకొక అడుగు వేస్తుంది. ఎప్పుడో ఒకసారి ఒకేసారి రెండడుగులు దూకుతుంది. అది చూసి మీట నొక్కాలి. రెండు గంటలు అదే పని. ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. మొదటి అరగంట దాటగానే తప్పిపోయే దూకుళ్ళు బాగా పెరిగాయి, నాలుగోవంతుకు పైగా పోయాయి. ఆ కుర్రాళ్ళు శిక్షణ పొందినవాళ్ళే, కళ్ళు తెరుచుకునే ఉన్నారు.

ఆ పేజీ చదివాక నాకు చాలాసేపు ఏమీ తోచలేదు.

అరగంట చూడనిచ్చి అరగంట విశ్రాంతి ఇస్తే ఆ తరుగుదల రాలేదని కూడా మాక్‌వర్త్ చూపించాడు. మధ్యలో ఫోన్ చేసి "ఇంకా బాగా చూడండి" అని ఒక్కమాట చెప్పినా కొంతసేపు చూపు కుదురుకుంది. నేను ఆ రాత్రి ఫోన్ చెయ్యలేదు సరికదా, టీ తాగుతూ కూర్చున్నాను. ఊరికే చూస్తూ కూర్చోవడం తేలిక పని అని మనం అనుకుంటాం. అది మనసుకి కఠిన శ్రమ అని, ఒత్తిడి పెంచుతుందని జోయెల్ వార్మ్, మరి ఇద్దరు 2008లో రాసిన వ్యాసానికి శీర్షికే అది.

(పొయ్యిమీద పాలు పొంగిపోవడానికి ఇది వర్తించదు. అది అరగంట పని కాదు. ఇంట్లో ఈ సాకు చెప్పి నా పేరు చెప్పకండి.)

ఆ కుర్రాడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అప్పటికి అతనూ రిటైరయ్యాడు. చెప్పాల్సింది చెప్పి, క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. "చెల్లెలికి కూడా ఒకసారి చెప్పండి సార్, నేను కావాలని రాలేదని ఇప్పటికీ అనుకుంటుంది" అన్నాడు. చెప్పాను.

ఇక్కడున్న మనవాళ్ళలో చాలామంది రిటైరయ్యాక సెక్యూరిటీ సూపర్‌వైజర్లుగా చేస్తున్నారు. సీసీ కెమెరాల గదిలో ఒకే మనిషిని ఎనిమిది గంటలు కూర్చోబెట్టిన చోట్లు నేను చూశాను. ఆ మనిషిని గేటు దగ్గరివాడితో అరగంటకోసారి మార్చండి. దానికి అదనంగా జీతం ఇవ్వక్కర్లేదు, కుర్చీ మారితే చాలు. యాజమాన్యం ఒప్పుకోకపోతే మీ డ్యూటీ చార్టు నాకు పంపండి, కాగితం మీద లెక్కవేసి ఇస్తాను. భోజనాల దగ్గర కలుద్దాం.