గుమ్మం మీది కలబంద



మన నారాయణఖేడ్ తండాల్లో చాలా ఇళ్ల గుమ్మాలకు కలబంద వేలాడుతుంటుంది. దిష్టికి కట్టామంటాం. అదే మొక్క మన చర్మానికీ పనికొస్తుంది. పండుగలు పోగానే మనలో ఎన్నో కుటుంబాలు చెరకు కొట్టడానికి వలస పోతాయి. చెరకు ఆకు చేతులను గీరుతుంది, ఎండ మెడను మాడుస్తుంది, చలికి మడమలు పగులుతాయి. ఇవన్నీ మనం మన అమ్మల చేతుల్లో, కాళ్లలో చూసినవే.

అందుకే మేము చేసుకునే పద్ధతి చెబుతున్నాం. అడుగున ఉన్న మందపాటి మట్టను మొదలుకంటా కోయండి. పావుగంట నిటారుగా నిలబెడితే పసుపు రసం కారిపోతుంది. ఆ రసం తగిలితే దురద పుడుతుంది, కాబట్టి మట్టను బాగా కడగాలి. ముళ్ల అంచులు, తోలు తీసేసి, లోపలి తెల్లటి గుజ్జును మళ్లీ కడగండి. ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. మంట, దద్దు రాకపోతే ఎండకు కమిలిన చోట, పొడిబారిన చోట రాసుకోండి. మడమలకైతే గుజ్జు ఆరాక కొబ్బరినూనె రాయండి. నిమ్మరసం మాత్రం కలపొద్దు, ఎండలో చర్మం కాలి మచ్చలు పడతాయి. గుజ్జు నిలవ ఉండదు, ఏ రోజుకారోజు తీసుకోవాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కలబందతో అన్నీ నయం కావు. లోతు గాయం, చీము, పెద్ద కాలిన గాయం, తామర ఉంటే సర్కారు దవాఖానకు పోవాలి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కుష్ఠు కావచ్చు. దానికి మందు ఉచితం, ముందుగా పోతే పూర్తిగా నయమవుతుంది.

ఇంకో మాట. తెల్లబడాలని, తామర పోవాలని అడిగి తెచ్చుకునే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది. తర్వాత తామర ఇంకా పాకుతుంది, చర్మం పలచబడుతుంది. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి క్రీములు అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం కట్టడి చేసింది. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. మన రంగు రోగం కాదు, దానికి మందు అక్కర్లేదు.

ఈసారి వలస పోయేటప్పుడు మూటలో ఒక కలబంద పిలకను కూడా పెట్టుకోండి. గుడిసె పక్కన నాటితే బతుకుతుంది. మన యాడీలకు తెలిసిన మొక్కల పేర్లను గోర్ బోలీలోనే అడిగి రాసి పెట్టండి. ఆ పని మీ తరమే చేయాలి.

జై సేవాలాల్.