రిమోట్ ఎవరి చేతిలో ఉంది?
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి హక్కు, కూలి రేట్లు మాట్లాడుకునే సభలో ఈ రిమోట్ గోలేమిటని కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, ఫరవాలేదు. కానీ మన ఇంట్లో ఉన్న వస్తువు పని చేయించడానికి ఇంకొకరు వచ్చేదాకా కూర్చోవడం ఎంతమందికి అలవాటైపోయిందో ఒక్కసారి చూసుకోండి.

డేవిడ్ మోర్లీ అనే పరిశోధకుడు దక్షిణ లండన్‌లో 18 కుటుంబాలతో మాట్లాడి 1986లో ‘ఫ్యామిలీ టెలివిజన్’ అనే పుస్తకం తెచ్చాడు. చాలా ఇళ్ళల్లో రిమోట్ తండ్రి చేతిలోనో, ఆయన కుర్చీ మీదనో ఉండేదట. ఆయన లేకపోతే కొడుకు దగ్గర. 1992లో ఆన్ గ్రే అనే ఆవిడ ఇంగ్లండు స్త్రీలూ వీడియో రికార్డర్ల గురించి రాస్తూ ఇంకో సంగతి చెప్పింది. కొందరు టైమర్ పెట్టడం కావాలనే నేర్చుకోలేదట, నేర్చుకుంటే అదీ తమ నెత్తిన మరో చాకిరీ అవుతుందని! గ్యాసు బండ మార్చడం వచ్చినవాళ్ళం, ఆ భయం మనకి తెలియనిదేం కాదు.

అయినా నేర్చుకోవాలనే నేనంటాను. మా ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టినరోజు షాపతను అన్నీ మావారికే చూపించి వెళ్ళాడు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. తర్వాత ఒక మధ్యాహ్నం మూడు రిమోట్లూ ముందేసుకుని కూర్చున్నాను. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మామూలు రిమోట్ కంటికి కనపడని వెలుగును పంపిస్తుంది, అడ్డంగా పూలకుండీ ఉంటే ఆగిపోతుంది. పనిచేస్తోందో లేదో తెలియాలంటే సెల్‌ఫోన్ కెమెరాలోంచి దాని ముక్కు చూస్తూ బటన్ నొక్కండి, చాలా ఫోన్లలో మిణుకుమంటుంది. బొమ్మ వచ్చి స్పీకర్లలో శబ్దం రాకపోతే ముందు ‘సోర్స్’ లేదా ‘ఇన్‌పుట్’ బటన్ చూడండి. టీవీనీ సౌండు పెట్టెనీ ‘ఏఆర్‌సీ’ అని రాసిన హెచ్‌డీఎంఐ సాకెట్లలో కలిపి, సెట్టింగుల్లో ‘సీఈసీ’ ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే శబ్దం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఈ సీఈసీకి కంపెనీలు తలో పేరు పెట్టాయి. సామ్‌సంగ్ ‘ఎనీనెట్ ప్లస్’ అంటుంది, ఎల్‌జీ ‘సింప్‌లింక్’ అంటుంది. మనల్ని తికమక పెట్టడానికే అనిపిస్తుంది నాకు.

బటన్ల మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. మా అత్తగారు తెలుగు మాత్రమే చదువుతారు. అందుకని ఆన్ బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ళ, సోర్స్ మీద ఆకుపచ్చది అతికించాం. ఇప్పుడు మధ్యాహ్నంపూట పాత సినిమా ఆవిడే పెట్టుకుంటారు, శబ్దం కాస్త ఎక్కువగానే. బిళ్ళ ఊడిపోతే తనే ఇంకోటి తీసి అంటిస్తారు.