పాత చీరతో ఏం కుట్టాలి, ఎంతకు అమ్మాలి

పొదుపు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇంతకుముందే విన్నాము. పాత బట్టలతోటి ఇంట్లనే చేసుకునే పనుల గురించి మమ్మల్ని మాట్లాడమన్నారు.

పాత చీరలకు మన ఇండ్లల్ల కొదువ లేదు. నాలుగు చీరలు ఇస్తే గిన్నెల ఆయన చిన్న స్టీలు గిన్నె చేతిల పెట్టి పోతడు. దానికన్నా అవి మన దగ్గరుంటేనే నయం.

ముందుగాల బట్ట ఏందో తెలుసుకోవాలి. అంచు నుండి ఒక పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకొని గట్టి పూసలాగా అవుతుంది. పాలిస్టర్ నీళ్లు పీల్చదు, కాబట్టి కాళ్లు తుడుచుకునే పట్టాకు పనికిరాదు. పొయ్యి మీది గిన్నె దించే మసిగుడ్డకు అసలే వద్దు, కరిగి చేతికి అంటుకుంటది. కానీ సంచికి మంచిగుంటది, తొందరగా చినగదు. బతుకమ్మ చీరలు చానా మటుకు పాలిస్టర్‌వే.

నూలు చీరలకు బొంతను మించింది లేదు. మూడు నాలుగు చీరలు పరిచి, గట్టివి పైన కింద, చీకిపోయినవి నడుమ పెట్టాలి. ముడతలు లేకుండా లాగి మూలలకు రాళ్లు పెట్టి, దబ్బనంతో అంచు వెంబడి చుట్టూ కుట్టుకుంట లోపలికి రావాలి. మన అవ్వలకు ఇది కండ్లు మూసుకున్నా వస్తది. బెంగాల్‌లో ఇటువంటి కుట్టునే కాంతా అంటారు, దుకాణాలల్ల మంచి ధరకు అమ్ముతారు. మనమేమో బొంత అని మూలకు పడేస్తున్నాము.

ఇక సంచులు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ కవర్లు 2022 డిసెంబర్ 31 నుండి నిషేధం. అయినా అంగడిల ఇస్తనే ఉన్నరు, మనం తీసుకుంటనే ఉన్నం. ఒక చీర ఐదున్నర మీటర్లు. సంచికి రెండు పొరలు వేసుకున్నా, చినిగిన భాగం తీసేసినా ఐదు సంచులు వస్తాయి. వెడల్పు 15, పొడవు 17 అంగుళాలు చాలు. సంచి ఎప్పుడూ పిడి దగ్గరనే తెగుతది. అందుకని పిడి అతికిన చోట నాలుగు పక్కల డబ్బాలాగా కుట్టి, లోపల ఇంటూ గుర్తు కుట్టాలి. 2024లో బడి పిల్లల యూనిఫాంలు కుట్టిన సంఘాల దగ్గర కత్తిరింపు ముక్కలు మిగిలి ఉంటాయి. పిడికి ఆ మందం బట్ట బాగా ఆగుతది.

అమ్మే ముచ్చట వచ్చినప్పుడు లెక్క చూసుకోవాలి. ఒక్కొక్కటే కత్తిరించి కుట్టుకుంట కూసుంటే సంచికి ముప్పావు గంట పడుతది. ఎనిమిది గంటలకు పది సంచులు. ఒక్కోటి 20 రూపాయలకు ఇస్తే 200 రూపాయలు, అందులో దారం ఖర్చు పోవాలి. 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ‘పాత చీరే కదా, ఊరికే వచ్చింది కదా’ అంటారు. చీర ఊరికే వచ్చింది, మన పొద్దు ఊరికే రాలేదు. అదే నలుగురం కలిసి ఒకరు కత్తిరిస్తే, ఇద్దరు మిషన్ మీద కుట్టి, ఒకరు పిడులు మడుస్తే ఒక మనిషికి సంచి 20 నిమిషాలలో తేలుతది. అప్పుడు రోజుకు 24 సంచులు, 480 రూపాయలు. అట్ల కాకపోతే ఇంటి వరకే కుట్టుకోండి, 20 రూపాయలకు మాత్రం ఇయ్యకండి.

కార్తీకంల ఆరుట్ల బుగ్గ జాతరకు ఎంతమంది వస్తారో మీకు తెలుసు. కొబ్బరికాయలు, ప్రసాదం పెట్టుకునే చిన్న సంచులు అక్కడ పోతాయని మా నమ్మకం. వచ్చే నెల గ్రామ సంఘం మీటింగుకు సంఘానికి రెండు పాత చీరలు ఉతికి పట్టుకొని రండి. కత్తెర, మిషన్ మేము పెడతాం.