బీబీఏ సిలబస్‌లో లేని పాఠం



బీబీఏలో మన పిల్లలు అకౌంటెన్సీ, మార్కెటింగ్, హెచ్‌ఆర్, వ్యాపార చట్టాలు చదువుతారు. ఫేయోల్ 14 సూత్రాలు బట్టీ పడతారు. అందులో మొదటిది శ్రమ విభజన. పని పంచుకుంటే నైపుణ్యం పెరుగుతుందని పాఠం. ఈ దేశంలో పనిని పంచింది పుట్టుక. కులం పనిచేసేవాళ్లనే విడగొట్టి మెట్లుగా పేర్చిందని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో తేల్చారు. ఆ పుస్తకం మేనేజ్‌మెంట్ క్లాసులోకి రాదు.

హెచ్‌ఆర్ పేపర్లో ఎంపికకు ప్రతిభే కొలమానం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ప్రైవేటు కంపెనీలకు సమాన అర్హతలతో దరఖాస్తులు పంపితే, దళిత పేరున్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయి. 2012లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, వెయ్యి పెద్ద కంపెనీల బోర్డు సభ్యుల్లో 90 శాతానికి పైగా అగ్రకులాలవారే. ఈ డిగ్రీ ఎక్కువమందిని తీసుకెళ్లేది ఆ గుమ్మానికే. అక్కడ రిజర్వేషన్ లేదు.

అలాగని చదువు మానొద్దు. రూపాయి సమస్యపై 1923లో పుస్తకం రాసిన బాబాసాహెబ్ వారసులం మనం. బ్యాలెన్స్ షీట్ మనకు రావాలి. ప్రాజెక్టు కోసం కంపెనీకి వెళ్లినప్పుడు మాత్రం ఇంకో లెక్క కూడా రాసుకోండి: అక్కడ ఊడ్చేదెవరు, ఇంటర్వ్యూ చేసేదెవరు? ఆ లెక్కను మీ రిపోర్టులో పెట్టండి.

జై భీమ్.