చెరకుతోటలో వెట్టి
(నారాయణఖేడ్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దసరా వెళ్ళగానే మన కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, సిర్గాపూర్ మండలాల తండాలకు, పల్లెలకు లారీలు వస్తాయి. చక్కెర కర్మాగారాల కొరకు చెరకు నరకడానికి భార్యాభర్తలు జంటలుగా తరలిపోతారు. వారిలో అధికులు లంబాడీ సోదరులు. కనుక ఇది మన సమస్య కాదనేవారితో నేను ఏకీభవించను. అడ్వాన్సు, మేస్త్రీ, బాకీ అనే మాటలు ఎరుగని పేద ముస్లిం ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు.

ఈ ఏర్పాటు నడిచే తీరు గమనించండి. కర్మాగారం సొమ్ము కాంట్రాక్టరు ద్వారా మేస్త్రీకి చేరుతుంది. వానకాలంలో, ఇంట గింజలు నిండుకున్న వేళ, మేస్త్రీ దానిని అడ్వాన్సుగా పంచుతాడు. మహారాష్ట్రలో ఆ జంటను 'కోయితా' అంటారు. కోయితా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు ఒక పనిముట్టు పేరుతో లెక్కకు వస్తారు! కూలి టన్నుల లెక్కన. జబ్బుపడిన రోజుకు కోత. సీజను ముగిసేనాటికి తీరని బాకీ మరుసటి ఏడాదికి బదిలీ. పద్దు మేస్త్రీ చేతిలోనే ఉంటుంది. హాజరుపట్టీలో పేర్లు లేవు గనుక 'వారు మా కార్మికులు కారు' అని యాజమాన్యం చేతులు దులుపుకుంటుంది.

నిజాం కాలంలో దీనినే భగేలా అన్నారు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 చట్టం వెట్టి రుణాన్నే రద్దు చేసింది. అది వెట్టి అప్పు కాదని నిరూపించే భారం అప్పిచ్చినవానిదే. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్న తక్కువకు పని చేయించడమూ నిర్బంధ శ్రమేననీ, ఆకలి పెట్టే ఒత్తిడి కూడా బలవంతమేననీ చెప్పింది. సంకెళ్ళు కనిపిస్తేనే కదిలే అధికారులకు ఈ తీర్పు చదివి వినిపించాలి.

ఆ చక్కెర ఎక్కడికి పోతున్నది? మహారాష్ట్ర చెరకు కూలీల దుస్థితిని కోకాకోలా, పెప్సీల సరఫరాతో ముడిపెట్టి 2024లో న్యూయార్క్ టైమ్స్ కథనం ప్రచురించింది. బ్రిటన్ 2015 చట్టం పెద్ద వ్యాపార సంస్థల నుండి ఏటా బానిసత్వ నివారణ ప్రకటన కోరుతుంది. మన సెబీ కూడా వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీల నుండి బాధ్యతా నివేదిక అడుగుతున్నది. ప్రకటన రాయడం సులువే. తనిఖీదారు కర్మాగారపు గేటు లోపల చూసి వెళితే, తోటలోని గుడిసె సంగతి అందులోకి ఎలా వస్తుంది? అడ్వాన్సు ఎవరిచ్చారు, పద్దు ఎవరి దగ్గర ఉన్నది అని కంపెనీలను అడగాలి.

ఇక మన పని. లారీ ఎక్కే ముందే మేస్త్రీ పేరు, ఫోను, అడ్వాన్సు మొత్తం, టన్ను ధర, కర్మాగారం పేరు కాగితం మీద రాయించండి. ఒక ప్రతి ఇంట్లో ఉండాలి. చదువుకున్న మన యువకులకు ఇది ఒక సాయంత్రపు పని. 1976 చట్టం ప్రకారం డివిజన్ స్థాయిలో విజిలెన్స్ కమిటీ ఉండాలి. నారాయణఖేడ్ రెవెన్యూ డివిజనే గదా; ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు సమావేశమైందో రాతపూర్వకంగా అడగండి. విడిపించిన వారికి విముక్తి ధ్రువపత్రం ఇప్పించడం మరవకండి. 2016 పథకం కింద పురుషునికి లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షల రూపాయలు నిర్ణయించారు గానీ, పూర్తి మొత్తం కేసు తేలిన తరువాతనే. తక్షణ సాయం మాత్రం ముందే ఇవ్వవచ్చు. దరఖాస్తు చేసిన రోజే దానిని అడిగి, రసీదు తీసుకోండి.